నాకు నచ్చని పాటల్లో మూడోది

ఇలా దగ్గరికి రా, కాజా. ఇంకా దగ్గరికి. ముందు ఆ డబ్బాలోంచి నీలం దారం తీసి సూదిలోకి ఎక్కించు, నా కళ్లకి సూది బెజ్జం కనబడడం మానేసి ఏడాది దాటింది. మెల్లిగా లాగు, పాత దారం, తెగుతుంది. ఆ, అలా గుచ్చి పక్కన పెట్టు. ఫోను బోర్లా పెట్టి కూర్చో.

నిన్న పొద్దున తల దువ్వుకుంటూ "దూరం, దూరం" అని ఏదో పాట కూనిరాగం తీశావు. నేను దువ్వెన లాక్కుని విసిరేశాను. అమ్మమ్మకి ఏమైందని మీ అమ్మని అడిగావు, అది తల దించుకుని మిషను తొక్కుకుంది. అది చెప్పదు. అప్పుడూ నోరు విప్పలేదు, ఇప్పుడూ విప్పదు. నేనే చెప్తాను.

ఆ పాట పాడినవాడు మీ పెదనాన్న అని నీకు తెలుసు. ఆ పాటలో మంచం మీద ఉన్న మనిషి మీ పెద్దమ్మ అనీ తెలుసు. నీకు తెలియంది ఒక్క అక్షరం. నాకు చదువు అంతంత మాత్రమే, సంతకానికి కూడబలుక్కుంటాను, కానీ ఆ ఒక్క అక్షరం మాత్రం ఎవరూ చెరిపెయ్యలేనంత బాగా వచ్చు.

నువ్వప్పటికి మీ అమ్మ కడుపులో కూడా పడలేదు. మీ పెద్దమ్మ పోయి ఏడాది తిరిగింది. వానాకాలం. బళ్లు తెరిచారు, యూనిఫాంల గుట్టలు ఈ గదిలో నడుం ఎత్తున పడి ఉన్నాయి. మీ అమ్మ ఒక మిషను మీద, నేను కటింగ్ బల్ల దగ్గర. రెండో మిషను మీ పెద్దమ్మది, దాని మీద దుప్పటి కప్పేసి ఉంచాం. దాని మీద కుడితే పని సగం తగ్గేది. ఎవరం కూర్చోలేదు.

మీ పెద్దమ్మ కూతురు గుండీ అక్కకి అప్పుడు తొమ్మిదేళ్లు, అదే నాకు కూలీ. కటింగ్ బల్ల కింద కూర్చుని గుండీలు రంగుల వారీగా ఏరి డబ్బాల్లో పోసేది. పుట్టినప్పుడు అంత చిన్నగా ఉందని దానికి ఆ పేరు పెట్టింది నేనే. తర్వాత నువ్వు పుట్టినప్పుడు, గుండీ ఉంటే కాజా ఉండాలి కదా అని నీకీ పేరు పెట్టాను. అప్పటికే గుండీ ఊడిపోయింది అన్నది వేరే మాట. ఉండు, ఆ ముక్క ముందే చెప్పేస్తున్నాను.

ఆ వానల్లోనే మీ పెదనాన్న ఆల్బమ్ వచ్చింది. పేరు "దూరం". ఎదురింటి ఇస్త్రీ ఆయనకి సూట్‌కేసంత స్పీకరు ఉండేది. పొద్దున బొగ్గులు రాజేసినప్పుడు మొదలుపెడితే సాయంత్రం బూడిద దులిపేదాకా అదే. నాలుగు రోజులు పోయాక టీ కొట్టులో అదే, బస్సులో అదే, బళ్లోంచి వచ్చే పిల్లల నోళ్లలో అదే. వాన పడితే కాస్త ఆగుతుందేమో అనుకుంటే, వానకి దీటుగా ఆయన గొంతు పెంచేవాడు.

"ఏమ్మా టైలరమ్మా, మీ అల్లుడు ఊరందర్నీ ఏడిపించేస్తున్నాడు!" అన్నాడు ఒకరోజు ఇస్త్రీ ఆయన, చొక్కా మీద నీళ్లు చిలకరిస్తూ.

"ఇన్నాళ్లూ మమ్మల్ని మాత్రమే ఏడిపించాడు. ఇప్పుడు అందరికీ పంచుతున్నాడు."

"అట్లా అనకు. ఇదేమన్నా మామూలు పాటా? ఆల్టర్నేటివ్ రాక్ అంటారు దీన్ని."

"ఆల్టరేషనా?"

"ఆల్టరేషన్ కాదమ్మా తల్లీ! ఆల్టర్నేటివ్!"

"అదేలేవయ్యా. నలభై ఏళ్లుగా చేస్తున్న పనే. ఇంకొకళ్ల బట్ట విప్పి తన కొలతకి కుట్టుకోవడం."

ఏదో నోటి దురుసు కొద్దీ అన్నాను. ఎంత నిజం అన్నానో నాకే తెలియదు. అప్పటికి నేను ఆ పాటలు గోడ అవతల నుంచి విన్నదే తప్ప మాటలు పట్టించుకుని విన్నది లేదు. అరుపులు, గిటారు, డప్పులు, మళ్లీ అరుపులు. అంతే నా చెవికి.

మాటలు మొదట చెప్పింది బడి టీచరమ్మ. జాకెట్టు కొలతలివ్వడానికి వచ్చింది. టేపు చుట్టూ వేసి అంగుళాలు చూస్తున్నాను, ఉన్నట్టుండి నా భుజం మీద తల పెట్టి ఏడుపు. "మీ అమ్మాయి ఎంత గొప్ప మనిషండీ! ప్రాణం పోతూ కూడా భర్తని పట్టుకుని ఉంచలేదు. దూరం, దూరం అంటూ ఆయన్ని వెళ్లి బతకమంది. ఆ ఒక్క మాట మీద నేను మూడు రోజులు అన్నం తినలేదు."

ఛాతీ కొలత రెండంగుళాలు తేడా వచ్చింది, తర్వాత ఆ జాకెట్టు విప్పి మళ్లీ కుట్టాల్సి వచ్చింది. అది కాదు విషయం. మీ పెద్దమ్మ చివరి గంటలో పక్కన ఉన్నది నేను. అది అలాంటి మాట అనలేదు. సరే, పాడుకునేవాడికి ఏదో ఒకటి కావాలి, కల్పించుకున్నాడు అనుకున్నాను. అనుకుని పళ్ల బిగువున ఊరుకున్నాను. ఊరుకునేదాన్నే కూడా, గుండీ నోరు తెరవకపోతే.

అది బల్ల కింద నుంచి అడిగింది, తెల్ల గుండీలు ఏరుతూ, తల ఎత్తకుండా.

"అమ్మమ్మా, అమ్మ దూరం అన్నది నాన్ననా, నన్నా?"

"ఎవర్నీ అనలేదే."

"పాటలో ఉందిగా."

"పాటల్లో చందమామ కూడా మాట్లాడుతుంది. నమ్ముతావా?"

డబ్బాలో గుండీలు ఒక్కొక్కటే పడుతున్న చప్పుడు. తర్వాత అంది, "నువ్వు కూడా అనేదానివిగా. రోజూ. దూరంగా ఉండు, దూరంగా ఉండు అని. అమ్మే నీతో చెప్పించేదా?"

చేతిలో కత్తెర గీత తప్పింది. ఆ చొక్కా ముక్క ఇప్పటికీ ఎక్కడో పడి ఉంటుంది.

నిజమే కాజా. అన్నాను. మీ పెద్దమ్మది దగ్గు జబ్బు. చిన్నపిల్లని గదిలోకి రానివ్వొద్దని డాక్టరు ఖండితంగా చెప్పాడు. మూడు నెలలు ఆ పిల్ల గుమ్మం దగ్గరికి వచ్చినప్పుడల్లా నేను చేసిన పని అదొక్కటే, "దూరం! దూరంగా ఉండు!" అని కోడిపిల్లని తోలినట్టు తోలడం. చివరి రోజు బళ్లోనే ఉంది. తల్లి ఆఖరి మాట ఏంటో ఆ పిల్ల వినలేదు. విన్నదల్లా నా అదిలింపు. ఇప్పుడు ఏడాది తర్వాత ఊరంతా స్పీకర్లు పెట్టి అదే మాట తల్లి నోట పెట్టి పాడుతుంటే ఆ పిల్ల ఏమనుకుంటుంది? అప్పుడే దాన్ని పైకి లాగి ఒళ్లో కూర్చోబెట్టుకుని ఉన్నదున్నట్టు చెప్పాల్సింది. నేనేం చేశాను? "పో, పోయి హోంవర్క్ చేసుకో" అన్నాను. నా దగ్గర చెప్పకూడని ముక్క ఒకటి ఉంది మరి. వస్తున్నా దాని దగ్గరికే.

ఆ తర్వాతి వారం అల్లుడు వచ్చాడు. ఒక్కడే కాదు, వెంట ఒక రేడియో అమ్మాయి. ఉడత తోకలాంటి మైకు, భుజానికి సంచి. అల్లుడికి కొత్త బూట్లు, పాత చూపు. మనిషిని చూసి మాట్లాడడు కదా ఎప్పుడూ, మనిషి వెనక గోడని చూసి మాట్లాడతాడు.

"అత్తయ్యా, బాగున్నారా?"

"ఉన్నాను బాబూ. నీ గొంతు రోజూ వింటున్నాం. మనిషే కనబడక నాలుగు నెలలైంది."

రేడియో అమ్మాయి మధ్యలోకి దూరింది. "అమ్మమ్మగారూ, ఈ ఆల్బమ్ మీద చాలామంది అభిప్రాయాలు తీసుకున్నాం. అందరూ ఒకటే పొగడ్త. సార్ చెప్పారు, అసలు శ్రోత మీరేనట. ఒక్కో పాట వినిపిస్తాను, మీకేమనిపిస్తే అది చెప్పండి. ఏం మొహమాటపడొద్దు."

"మా అత్తయ్యకి అది లేనే లేదు, జాగ్రత్త," అన్నాడు అల్లుడు, గోడకేసి చూసి నవ్వుతూ.

మీ అమ్మ టీ పెట్టడానికి లేచింది. అది లేవడం టీ కోసం కాదు, అక్కడ ఉండలేక. అల్లుడు యూనిఫాంల గుట్ట పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. దుప్పటి కప్పిన మిషనుకి వీపు పెట్టి కూర్చున్నాడు, అది నేను చూశాను.

మొదటి పాట పెట్టింది. డప్పులు మొదలయ్యాయి. విన్నాను.

"అలమారా మెట్ల మీద నుంచి దొర్లుతున్నట్టుందమ్మా. దొర్లి దొర్లి కిందపడ్డాక ఒకడొచ్చి తీరిగ్గా, ఏమీ విరగలేదులే అని పాడుతున్నాడు."

ఆ అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. రెండోది పెట్టింది. "నా గదిలో నేనే లేను" అని పదిసార్లు అంటాడు అందులో, పంటినొప్పి ఉన్నవాడిలా.

"ఇందులో అబద్ధం లేదు. ఎప్పుడూ లేడు."

అల్లుడు నవ్వాడు. నిజంగానే నవ్వాడు పాపం. ఇంత పేరొచ్చాక అలా మొహం మీద అనేవాళ్లు ఎవరూ లేరేమో, దాహంగా ఉన్నట్టు విన్నాడు.

మూడోది పెట్టింది.

దాంట్లో పాట లేదు కాజా. దూరంగా గిటారు, సన్నగా. దాని కింద ఒక చప్పుడు. టకటకటకటక. ఆగింది. టక్. మళ్లీ టకటకటక. నా చేతిలో సుద్ద ముక్క ఉంది, అలాగే పట్టుకుని ఉండిపోయాను. అది మా పెద్దదాని మిషను, మీ పెద్దమ్మది. మిషన్లన్నీ ఒకేలా మోగుతాయనుకుంటావేమో. కాదు. అంచు మలుపు తిరిగే చోట మిషను ఆపి, బట్టని నొక్కిపట్టే పాదాన్ని పైకెత్తి, బట్ట తిప్పి, మళ్లీ పాదం దించాలి. మీ అమ్మ దించితే ఠాప్‌మంటుంది. నేను దించినా అంతే. పెద్దది అలా వదిలేసేది కాదు, వేలు అడ్డం పెట్టి దించేది, బట్టకి దెబ్బ తగులుతుందన్నట్టు. అందుకే చిన్న టక్. ఏడాది తర్వాత ఆ టక్ ఆ పెట్టెలోంచి వచ్చింది. మిషను నా ఎదురుగా దుప్పటి కింద ఉంది, చప్పుడు మాత్రం ఇటు నుంచి వస్తోంది.

"ఇది ఎప్పుడు పట్టావు?" అన్నాను.

"మంచం పట్టకముందు అత్తయ్యా. తనకి తెలియకుండా. ఫోనులో." మొదటిసారి నా మొహం చూసి మాట్లాడాడు. "మీరు గుర్తుపడతారనుకోలేదు."

"ఇది ఎలా ఉంది అమ్మమ్మగారూ?" అంది రేడియో అమ్మాయి.

"నచ్చలేదు," అన్నాను. అబద్ధం చెప్పాను. ఇంకేం చెప్పమంటావు?

నాలుగు, అయిదు, ఆరు, అవన్నీ ఏవో అన్నాను, ఆ అమ్మాయి నవ్వింది. చివరగా "దూరం" పెట్టింది. అప్పుడు మొదటిసారి మాటలు పట్టించుకుని విన్నాను. "గుమ్మంలో నేను, మంచం మీద నువ్వు, పెదవి కదిపి ఒకే మాట అన్నావు," అని పాడి, డప్పులన్నీ ఆపేసి, ఊపిరితో అంటాడు: "దూరం... దూరం..."

రెండుసార్లు. మధ్యలో అంత ఎడం. చివర గాలి.

అచ్చం అది అన్నట్టే అన్నాడు కాజా. అదే ఎడం, అదే గాలి. ఒక్క అక్షరం తప్ప. వాడు కల్పించుకోలేదు. విన్నాడు. తప్పు విన్నాడు.

ఆ రోజు మధ్యాహ్నం ఎలా ఉందంటే, ఎండ మంచం కాలి దాకా వచ్చి ఆగింది. పెద్దదాని ఒళ్లో గుండీ కోసం కుడుతున్న నీలం గౌను. మిషను మీద కూర్చునే ఓపిక పోయాక, అంచు చేతికుట్టు వేస్తూ ఉండేది, రోజుకి నాలుగు కుట్లు, అయిదు కుట్లు. సగం అంచు అయ్యేసరికి నీలం దారం అయిపోయింది. పొద్దున ఒకసారి అడిగింది. "తెస్తానే," అన్నాను. పదింటికి అడిగింది. "ఈ చొక్కాలు అయ్యాక తెస్తా," అన్నాను. దారాల కొట్టు నాలుగు కొట్ల అవతల. నాలుగు! మధ్యాహ్నం నేను పక్కన కూర్చుని చెవి దాని నోటి దగ్గర పెడితే, "దారం," అంది. కాస్త ఆగి మళ్లీ, "దారం." నేను దాని నుదురు తుడుస్తూ, "ఇప్పుడు దారం ఎందుకే, పడుకో," అన్నాను. పడుకుంది.

అల్లుడు అప్పుడు గుమ్మంలో ఉన్నాడు. మూడు నెలలూ గుమ్మం దాటి లోపలికి వచ్చినవాడు కాదు. మనసు మెత్తన అనేది మీ అమ్మ. పిరికి అనేదాన్ని నేను. మెడలో హెడ్‌ఫోన్లు వేలాడుతున్నాయి, వాటిల్లోంచి సన్నగా వాడి పాటే వాడికి వినబడుతోంది. దాని మీద వాడికి వినబడిన మాట ఇది.

పాట అయిపోయింది. రేడియో అమ్మాయి కళ్లు తుడుచుకుని మైకు నా దగ్గరికి జరిపింది.

"దూరం కాదు బాబూ," అన్నాను. "దారం."

"ఏంటండీ?" అంది ఆ అమ్మాయి.

"అది అన్నది దూరం కాదమ్మా. దారం. కుట్టుకునే దారం."

అల్లుడు స్టూలు మీద నుంచి లేవలేదు. బూటు కొనతో నేల మీద పడి ఉన్న గుడ్డముక్కని ఇటు జరిపాడు, అటు జరిపాడు. "అత్తయ్యా, నేను విన్నాను. నా చెవులతో."

"నువ్వు గుమ్మంలో ఉన్నావు."

"దారం ఎందుకు అడుగుతుంది? అలాంటప్పుడు దారం ఎవరు అడుగుతారు?"

మైకు మీద ఎర్ర దీపం వెలుగుతోంది. ఎందుకు అడిగిందో చెప్పాలంటే మూడుసార్లు అడిగిందని చెప్పాలి. మూడుసార్లు అడిగిందంటే నేను తేలేదని చెప్పాలి. ఊరంతా వినే ఆ ఉడత తోకలో చెప్పాలి. నేను నోరు తెరిచి, మూశాను. అంతే చేశాను. వాడు అది చూశాడు.

"అమ్మమ్మగారికి ఆ రోజులు గుర్తు చేసి బాధపెట్టాం," అని ఆ అమ్మాయి మెల్లిగా మైకు కట్టేసింది.

టీ తాగి ఆ అమ్మాయి బయట కారెక్కాక, అల్లుడు వెనక్కి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. మళ్లీ గుమ్మంలోనే.

"సరే అత్తయ్యా. దారమే అన్నదనుకుందాం. ఇప్పుడు నన్నేం చెయ్యమంటారు? దారం, దారం అని పాడమంటారా? బట్టల కొట్టు ప్రకటన అనుకుంటారు జనం."

"జనం సంగతి నాకెందుకు? నీకు తెలియాలని చెప్పాను."

"నాకెందుకు తెలియాలి?" గొంతు పెంచలేదు. వాడు అరిచేది పాటల్లోనే. "తను వెళ్లమంది కాబట్టి వెళ్లాననుకుని బతుకుతున్నాను. ఆ ఒక్క మాట పట్టుకుని లేచి నిలబడ్డాను. అది కూడా లాగేసుకుంటే, నేను గుమ్మంలో నిలబడి చూసి పారిపోయినవాడినే కదా అత్తయ్యా? మీకు కావలసింది అదేనా?"

అదే కావాలనుకున్నాను నిజానికి. ఏడాదిగా అదే కావాలనుకున్నాను. తీరా వాడి నోటితో వాడే అనేసరికి నాకేం తీపిగా అనిపించలేదు.

"పిల్లని తీసుకెళ్తాను ఈ నెలాఖరుకి," అన్నాడు. "అక్కడ మంచి బడి ఉంది. ఇల్లు తీసుకున్నాను."

అప్పుడు బల్ల కింద గుండీల డబ్బా మూత పెట్టిన చప్పుడైంది. అది అక్కడే ఉంది. మొదటి పాట నుంచి అక్కడే ఉంది. మేం ముగ్గురం పెద్దవాళ్లం, ఒక్కరికీ గుర్తులేదు.

రేడియోలో నా మాటలు వచ్చాయి. అలమారా వచ్చింది, పంటినొప్పి వచ్చింది. ఇస్త్రీ ఆయన రోడ్డు దాటి వచ్చి మరీ చెప్పాడు, "ఏం మాట్లాడావమ్మా, కడుపుబ్బ నవ్వించావు! ఆ పిల్లెవరో అంది, ఈ ఆల్బమ్‌ని నవ్వుతూ విన్న ఒకే ఒక్క శ్రోత నువ్వేనట." నేను నవ్వలేదయ్యా అన్నాను. దారం మాట మాత్రం రాలేదు. ఒకచోట నేను కాస్త తడబడిన ఊపిరి మాత్రం ఉంచారు, దాని వెంటనే పాట వేశారు. ఎంత నున్నగా కలిపారంటే, అతుకు ఎక్కడుందో నాక్కూడా కనబడలేదు. నా జన్మలో నేను పట్టుకోలేకపోయిన అతుకు అదొక్కటే.

నెలాఖరు వచ్చింది. వానలు పల్చబడ్డాయి. మీ అమ్మ గుండీ బట్టలు సర్దుతోంది, ప్రతి గౌనూ మడిచి, విప్పి, మళ్లీ మడుస్తోంది. బయట కారు హారను. నేను పెట్టె అడుగు నుంచి ఆ నీలం గౌను తీసుకొచ్చాను. సగం అంచు కుట్టి ఉంది. సూది అంచులో అలాగే గుచ్చి ఉంది, బెజ్జంలో అంగుళం దారం ముక్క.

"ఇలా రా గుండీ. ఇది మీ అమ్మ నీకు కుట్టింది. ఆఖర్న అడిగింది నిన్ను దూరం పంపమని కాదే. ఈ అంచు పూర్తి చెయ్యడానికి దారం అడిగింది."

అది గౌను పట్టుకుంది. ఒంటికి ఆనించుకుని చూసుకోలేదు. సూదిని వేలితో ముట్టుకుంది, ఆ అంగుళం దారాన్ని అటూ ఇటూ కదిపింది.

"మరి ఇచ్చావా?"

మీ అమ్మ చేతులు ఆగిపోయాయి.

"లేదే. నీలం అయిపోయింది. తెస్తానన్నాను. పనిలో పడి తేలేదు."

"నాలుగు కొట్ల అవతలే కదా."

"అవును."

తొమ్మిదేళ్ల పిల్ల, పెద్ద లెక్క చేస్తున్నట్టు నుదురు ముడేసుకుని ఆలోచించింది. తర్వాత గౌను మడిచింది. నేను నేర్పినట్టే, చేతులు లోపలికి, అంచు కిందికి, సూది గుచ్చుకోకుండా పైకి వచ్చేట్టు. మడిచి బల్ల మీద పెట్టింది.

"పాటలో అయితే అమ్మ చెప్పింది, నాన్న విన్నాడు," అంది. "నువ్వు చెప్పేదాన్లో అమ్మ అడిగింది, ఎవరూ ఇవ్వలేదు. నాకు పాటలోదే బాగుంది అమ్మమ్మా."

కోపంగా అనలేదు. రెండు గుడ్డలు చూపిస్తే, ఇది తీసుకుంటాను అని చెప్పినట్టు అంది. మీ అమ్మకి ముద్దు పెట్టింది, నాకూ పెట్టింది. గుండీల డబ్బాలన్నీ ఎక్కడివక్కడ సర్దిందో లేదో బల్ల కిందికి వంగి ఒకసారి చూసుకుంది. వెళ్లింది.

కారు మలుపు తిరిగాక నేను తిన్నగా ఇస్త్రీ ఆయన దగ్గరికి నడిచాను.

"మూడోది పెట్టు."

"ఏ మూడోది?"

"ఆ ఆల్బమ్‌లో మూడోది."

"నచ్చలేదని రేడియోలో చెప్పావుగా!"

"నచ్చలేదు. పెట్టు."

పెట్టాడు. ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి, నోరు మూసుకుని, తను కూడా విన్నాడు. టకటకటక. టక్. ఆ మలుపు ఏ గౌనుదో నాకు తెలియదు కాజా. ఈ నీలం గౌనుదే అయ్యుండదు. అయినా నేను అలాగే అనుకుంటాను. పాటల మీద నమ్మకం లేని మనిషిని, నేను కూడా నాకు సరిపోయేలా ఒకటి కుట్టుకున్నాను చూడు.

మర్నాడు వెళ్లి నీలం దారం రీలు కొన్నాను. నాలుగు కొట్లు. నడిస్తే అరనిమిషం కూడా పట్టలేదు. ఇందాక నువ్వు సూదిలో ఎక్కించింది ఆ రీలులోదే. ఇన్నేళ్లకి ఇవాళే మొదలు విప్పించాను.

గుండీ మొదట్లో ఫోను చేసేది. తర్వాత ఎప్పుడైనా. ఇప్పుడు వాళ్ల నాన్న పక్కన వేదిక మీద నిలబడి తనే పాడుతుందట ఆ పాట. మొన్న ఆ టీచరమ్మే వచ్చి చెప్పింది, జుట్టంతా నెరిసింది కానీ ఏడుపు మాత్రం అదే ఏడుపు. "తల్లి మాటని కూతురు పాడుతుంటే చూడాలండీ," అంది. నేను కొలతలు సరిగ్గా తీసుకున్నాను ఈసారి.

ఇదిగో గౌను. పట్టుకో. పాత సూది తుప్పు పట్టింది, దాన్ని తియ్యకు, అలాగే ఉండనీ. నువ్వు ఎక్కించిన సూది దాని పక్కనే గుచ్చు. అంచు నువ్వు కుట్టొద్దు. నేనూ కుట్టను. మనది కాదు ఆ కుట్టు.

నేనింక ఎన్నాళ్లుంటానో. గుండీ అక్క ఎప్పుడైనా ఈ గుమ్మంలోకి వస్తే, నేను లేకపోతే, దీన్ని దాని చేతిలో పెట్టి చెప్పు. కొమ్ము కాదు అక్కా, దీర్ఘం అని చెప్పు. దూరం కాదు, దారం అని చెప్పు. నమ్మకపోతే నమ్మకపోనీ, గొడవ పడకు. నాలుగు కొట్లు కూడా చెప్పు. అమ్మమ్మ తేలేదని, మైకు ముందు నోరు మూసుకుందని, అది కూడా చెప్పు. నా మీద జాలిపడి ఆ ముక్క కత్తిరించావో, నువ్వూ ఆల్టరేషన్ చేసినట్టే అవుతుంది.

ఏదీ, మరిచిపోకముందు ఒకసారి నాకే చెప్పు. మొదటి నుంచి. నేను వింటాను.